డైలాగు పెట్టెల వలస

తెరమీది కిటికీలూ బటన్లూ కట్టడానికి ప్రోగ్రామర్లు వాడే లైబ్రరీ క్యూటీ. 2005 జూన్‌లో క్యూటీ 4 విడుదలైనప్పుడు ఆ పెద్ద మూటలో యూఐసీ3 అనే చిన్న పనిముట్టు కూడా ఉంది. దానికి సొంత కిటికీ లేదు, బొమ్మలు లేవు. టెర్మినల్ తెరిచి దాని పేరు కొట్టాలి, పక్కన అడ్డగీతతో ‘కన్వర్ట్’ అని చేర్చాలి, ఆ తర్వాత పాత డైలాగ్ ఫైలు పేరు ఇవ్వాలి. ఎంటర్ నొక్కితే క్యూటీ 3 కాలం నాటి ఫైలు క్యూటీ 4కు అర్థమయ్యే రూపంలో బయటికి వస్తుంది. ఫోల్డరులో వంద ఫైళ్లుంటే షెల్‌లో ఒక చిన్న లూప్ రాసి, వందా ఒకేసారి మార్చుకోవచ్చు. కొన్నేళ్లపాటు ప్రపంచమంతా ఎందరో ప్రోగ్రామర్లు ఈ కమాండునే కొట్టారు. ఆ తర్వాత అది కనిపించకుండా పోయింది. ఇలాంటి పనిముట్ల చరిత్ర ఎవరూ రాయరు. రాయదగిన చరిత్రే అది.

ప్రోగ్రామ్‌కు మనిషిని ఏదైనా అడగాల్సిన అవసరం వచ్చినప్పుడు తెరమీద కనబడే చిన్న పెట్టె పేరు డైలాగ్. ఈ ఫైలును భద్రపరచాలా వద్దా, ఎన్ని ప్రతులు అచ్చు వేయాలి, ఏ ఫాంటు కావాలి, ఇలాంటి ప్రశ్నలన్నీ అందులోనే వస్తాయి. ఏ బటన్ ఎక్కడుండాలి, దాని మీద ఏం రాసుండాలి, ట్యాబ్ నొక్కితే కర్సర్ ఎటు పోవాలి అనే వివరాలు ముందే ఎక్కడో రాసిపెట్టి ఉండాలి. ఎక్కడ రాయాలన్న దానికి ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది. జవాబు మారిన ప్రతిసారీ పాత పెట్టెలు మూటాముల్లె సర్దుకుని కొత్త చోటికి తరలాయి.

యాపిల్‌లో లీసా కంప్యూటర్ తయారవుతున్న 1981 నాటి సంగతి ఒకటుంది. కంప్యూటర్ ఎరగని మనుషులను పిలిచి, తెర ముందు కూర్చోబెట్టి, వాళ్లెక్కడ తడబడుతున్నారో లారీ టెస్లర్ వాళ్లు గమనించేవారు. అప్పట్లో డైలాగులో ఒప్పుకునే బటన్ మీద ‘డూ ఇట్’ అని ఉండేది. పరీక్షకు వచ్చిన ఒకాయన ఆ పెట్టె వచ్చినప్పుడల్లా చిరాకు పడుతున్నాడు. ఏమిటి ఇబ్బంది అని అడిగితే, ఈ యంత్రం నన్ను ‘డోల్ట్’ అంటోందేమిటి అన్నాడు. ఇంగ్లీషులో ఆ మాటకు మొద్దు అని అర్థం. రెండు పదాల మధ్య ఖాళీ సన్నం కావడంతో, పెద్ద ‘ఐ’ అక్షరం ఆయన కంటికి చిన్న ‘ఎల్’లా కనబడింది. దాంతో ఆ బటన్ ‘ఓకే’గా మారింది. మెకింటాష్ రూపకర్తల్లో ఒకరైన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ తన జ్ఞాపకాల్లో ఈ ఉదంతం రాశాడు.

ఇక్కడ మారింది రెండే మాటలు. కానీ ఆ రెండు మాటలూ ప్రోగ్రామ్ లోపల, లెక్కలు చేసే వరుసల మధ్య ఇరుక్కుని ఉంటే, వాటిని మార్చడానికి ప్రోగ్రామంతా మళ్లీ కంపైల్ చేయాలి. ఫ్రెంచిలోకో జపనీస్‌లోకో అనువదించాలంటే అనువాదకుడికి మొత్తం సోర్సు అప్పగించాలి. 1984 జనవరిలో బయటికొచ్చిన మెకింటాష్ దీనికి ఒక దారి చూపింది. బ్రూస్ హార్న్ రాసిన రిసోర్స్ మేనేజర్ వల్ల ప్రతి ఫైలుకూ రెండు పాయలు ఏర్పడ్డాయి. ఒక పాయలో మామూలు సమాచారం, రెండో పాయలో మెనూలు, బొమ్మలు, డైలాగులు. డైలాగ్ పెట్టె కొలతలకు ‘డీఎల్ఓజీ’ అనీ, అందులోని బటన్ల జాబితాకు ‘డీఐటీఎల్’ అనీ నాలుగక్షరాల గుర్తులు పెట్టారు. ఆ యంత్రంలో ఉన్న మెమరీ 128 కిలోబైట్లే. అవసరమైనప్పుడు డైలాగును డిస్కు నుంచి తెచ్చుకుని, పని కాగానే వదిలేయడానికీ ఈ ఏర్పాటు పనికొచ్చింది.

ప్రోగ్రామర్ల కోసం యాపిల్ తెచ్చిన ఎంపీడబ్ల్యూ సరంజామాలో రెజ్, డీరెజ్ అనే జంట కమాండ్లు ఉండేవి. మనిషి చదవగలిగేలా రాసిన డైలాగ్ వర్ణనను రెజ్ యంత్రం చదివే రూపంలోకి మారుస్తుంది. డీరెజ్ దాన్ని మళ్లీ అక్షరాల్లోకి తెస్తుంది. ఈ రెండోదాని విలువ ఎక్కువ. మూసేసిన పెట్టెను మళ్లీ తెరిచే తాళంచెవి లాంటిది అది. అది లేకపోతే ఎవరో ఎప్పుడో తయారుచేసిన డైలాగును చూసి, అచ్చం అలాంటిదే చేత్తో మళ్లీ కట్టుకోవాలి.

1985 నవంబరులో వచ్చిన విండోస్ కూడా ఇదే బాట పట్టింది. ఆర్‌సీ అనే రిసోర్స్ కంపైలర్, దానికోసం మామూలు అక్షరాలతో రాసే స్క్రిప్టు ఫైలు. అందులో ఒక బటన్ అంటే ఒక వరుస: దాని మీది మాట, దాని గుర్తు, ఎడమ నుంచి ఎంత, పై నుంచి ఎంత, వెడల్పెంత, ఎత్తెంత. ఈ కొలతలు పిక్సెళ్లలో ఉండవు, ‘డైలాగ్ యూనిట్ల’లో ఉంటాయి. ఫాంటులో అక్షరం సగటు వెడల్పులో నాలుగో వంతు అడ్డం కొలత, అక్షరం ఎత్తులో ఎనిమిదో వంతు నిలువు కొలత. ఫాంటు పెద్దదైతే పెట్టె కూడా పెద్దదవుతుంది. ఆలోచన చక్కగానే ఉంది. ఇంగ్లీషు మాట కొలతకు కట్టిన గదిలో ఇంకో భాష మాట పట్టకపోతే ఏం చేయాలో మాత్రం అందులో లేదు. ఆ లోటు గురించి తర్వాత చెప్పుకుందాం.

తొంభైల నాటికి డైలాగును అక్షరాల్లో రాసే పని తగ్గి, తెరమీద గీసే పని పెరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్-మారీ హులో తయారుచేసిన ఇంటర్‌ఫేస్ బిల్డర్ 1988లో నెక్స్ట్ కంప్యూటర్లతో వచ్చింది. 1991లో విజువల్ బేసిక్ వచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని కంప్యూటర్ కోర్సు చేసిన తరానికి ఈ అనుభవం కొత్తది కాదు. ఖాళీ ఫారం తెరవడం, పక్కనున్న పెట్టెలోంచి బటన్ లాక్కొచ్చి దాని మీద పెట్టడం, రెండుసార్లు నొక్కి దాని కింద కోడ్ రాయడం. ఆ ఫారం ఫైలు లోపల ఏముందో తెరిచి చూడాల్సిన అవసరం చాలామందికి ఎప్పుడూ కలగలేదు.

ఆ అవసరం డెల్ఫీ వాడినవాళ్లకు కలిగింది. ఆండర్స్ హేల్స్‌బర్గ్ ప్రధాన రూపశిల్పిగా బోర్లాండ్ 1995 ఫిబ్రవరిలో విడుదల చేసిన డెల్ఫీ, ఫారాలను డీఎఫ్ఎమ్ ఫైళ్లలో దాచేది. అవి బైనరీ ఫైళ్లు. మామూలు ఎడిటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. ఒకే ఫారం మీద ఇద్దరు ప్రోగ్రామర్లు పనిచేస్తే నిన్నటి ప్రతికీ ఇవాళ్టి ప్రతికీ తేడా ఏమిటో చెప్పడం కష్టం. ఏదో ఒక కాంపొనెంట్ యంత్రంలో లేకపోతే ఫారమే తెరుచుకోదు. అందుకే డెల్ఫీతో పాటు కన్వర్ట్ అనే కమాండ్ ఇచ్చారు. దానికి డీఎఫ్ఎమ్ ఫైలు పేరు ఇస్తే టెక్స్ట్ ఫైలు వస్తుంది, టెక్స్ట్ ఫైలు ఇస్తే డీఎఫ్ఎమ్ వస్తుంది. మొండికేసిన ఫారాన్ని టెక్స్టులోకి మార్చి, అడ్డుపడుతున్న కాంపొనెంటు వరుసలు తీసేసి, మళ్లీ బైనరీలోకి మార్చి బతికించుకున్నవాళ్లు ఎందరో. 1999లో వచ్చిన డెల్ఫీ 5లో ఫారాలను నేరుగా టెక్స్టుగానే దాచుకునే వీలు వచ్చింది. ఆ చిన్న కమాండు చేసే పనినే అసలు ప్రోగ్రామ్ తన అలవాటుగా చేసుకుంది.

క్యూటీ కథ నార్వేలో మొదలవుతుంది. హోవార్డ్ నోర్డ్, ఐరిక్ చాంబె-ఎంగ్ అనే ఇద్దరు మిత్రులు ట్రాండ్‌హైమ్‌లో ఒక పార్కు బల్ల మీద కూర్చుని దీని గురించి మాట్లాడుకున్నది 1990లో. 1994లో కంపెనీ పెట్టారు. అదే తర్వాత ట్రోల్‌టెక్ అయింది. మథియాస్ ఎట్రిచ్ 1996లో మొదలుపెట్టిన కేడీఈ డెస్క్‌టాప్ క్యూటీ మీదే నిలబడటంతో, ఆ లైబ్రరీలో వచ్చే ప్రతి మార్పూ లక్షలాది లినక్స్ తెరల మీద కనిపించేది. 2000 సెప్టెంబరులో వచ్చిన క్యూటీ 2.2తో పాటు క్యూటీ డిజైనర్ వచ్చింది. డైలాగును గీస్తే అది ఎక్స్ఎంఎల్‌గా, యూఐ అనే తోకతో ఫైలులోకి చేరుతుంది. దాన్ని సీ ప్లస్ ప్లస్ కోడ్‌గా మార్చేది యూఐసీ, అంటే యూజర్ ఇంటర్‌ఫేస్ కంపైలర్. క్యూటీ 3 కాలంలో దాన్ని రెండుసార్లు నడపాల్సి వచ్చేది. ఒకసారి హెడర్ ఫైలు కోసం, ఇంకోసారి అసలు కోడ్ కోసం.

అప్పటికే డైలాగులు నాలుగైదు భాషల్లో ఉన్నాయి. క్యూటీ ఆర్కిటెక్ట్ అనే పాత పనిముట్టుతో గీసినవి కొన్ని, కేడెవలప్‌లో గీసినవి కొన్ని, గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్ వాళ్ల గ్లేడ్‌తో గీసినవి కొన్ని, విండోస్ ఆర్‌సీ ఫైళ్లు కొన్ని. క్యూటీ 3 డిజైనర్ ఈ నాలుగింటినీ చదివేందుకు విడివిడిగా ప్లగిన్లు పెట్టుకుంది. కొత్త ఊరికి మనుషులు రావాలంటే ముందు రోడ్డు వేయాలని ట్రోల్‌టెక్‌కు తెలుసు. తామే ఊరు ఖాళీ చేసి పక్క ఊరికి మారాల్సిన రోజు మరో నాలుగేళ్లలో వచ్చింది.

క్యూటీ 4 చాలా పునాదులు కదిలించింది. పాత యూఐ ఫైలు మొదటి వరుసల్లో ‘యూఐ’ అన్న ట్యాగు పెద్ద అక్షరాల్లో ఉంటే, కొత్త ఫైలులో అదే ట్యాగు చిన్న అక్షరాల్లోకి మారింది. పాతదాన్ని కొత్త డిజైనర్ నేరుగా తన ఫైలుగా చూడదు. లోపలి మార్పులు ఇంకా పెద్దవి. ఉదాహరణకు క్యూబటన్‌గ్రూప్ క్యూటీ 3లో కంటికి కనబడే చట్రం. రేడియో బటన్ల చుట్టూ గీత, పైన శీర్షిక ఉండేవి. క్యూటీ 4లో అదే పేరు కంటికి కనబడని వస్తువుకు పెట్టారు. బటన్లను ఒక జట్టుగా గుర్తుంచుకోవడమే దాని పని. జాబితాలు చూపే క్యూలిస్ట్‌వ్యూ కూడా అంతే. పేరు పాతదే, మనిషి వేరు. పేర్లను పేర్లుగా దించేస్తే కొత్త డైలాగులో చట్రం మాయమవుతుంది, జాబితా పలకదు.

యూఐసీ3 ఈ చిక్కును తెలివిగా దాటింది. పాత ఫైలులోని వస్తువుల పేర్లకు ముందు ‘క్యూ3’ అని తగిలించింది. క్యూటేబుల్ ఉన్నచోట క్యూ3టేబుల్, క్యూలిస్ట్‌వ్యూ ఉన్నచోట క్యూ3లిస్ట్‌వ్యూ. పాత గుణాలున్న ఈ వస్తువులన్నింటినీ క్యూటీ 4 ‘క్యూటీ3సపోర్ట్’ అనే ఒక పక్క గదిలో ఉంచింది. ఇల్లు మారినా అమ్మమ్మ మంచం కొత్త ఇంట్లో ఒక మూల వేసుకున్నట్టు, పాత డైలాగు కొత్త లోకంలో పాత సామానుతోనే కాపురం పెట్టింది. వీలున్నప్పుడు ఒక్కొక్కటే మార్చుకోండని ప్రోగ్రామర్లకు అది ఇచ్చిన గడువు.

మార్చలేనివీ ఉన్నాయి. క్యూటీ 3 డిజైనర్‌లో బటన్ నొక్కితే ఏం జరగాలో కూడా డైలాగుతోనే ముడిపెట్టి, యూఐ పక్కన ‘డాట్ హెచ్’ తోక తగిలించిన ఇంకో ఫైలులో రాసేవారు. క్యూటీ 4 ఆ పద్ధతినే తీసేసింది. కొత్త యూఐసీ ఒక హెడర్ ఫైలు మాత్రమే ఇస్తుంది. అందులో డైలాగు ఆకారం ఉంటుంది, ప్రవర్తన ఉండదు. ప్రవర్తనను ప్రోగ్రామరే వేరే క్లాసులో రాసి, ఆకారాన్ని అందులోకి తెచ్చుకోవాలి. కాబట్టి యూఐసీ3 ఆకారాన్ని దాటించింది, ఆ పక్క ఫైళ్లలోని పనిని మనిషి కూర్చుని చేత్తో దాటించాడు. 2008 జనవరిలో కేడీఈ 4.0 బయటికి వచ్చేదాకా సాగిన శ్రమలో ఈ చేతిపని వాటా చిన్నది కాదు.

తెలుగు డీటీపీ చేసేవాళ్లకు ఈ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. అను ఫాంట్లలో కొట్టిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు చాలా ఏళ్లుగా ఉన్నాయి. మూడు వందల పేజీలు చూస్తుండగానే మారిపోతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు కూర్చుని, తారుమారైన వత్తులనూ, తప్పిపోయిన పొల్లులనూ వెతికి, ప్రూఫు దిద్దాల్సిందే. యంత్రానికి కనబడేది గుర్తు. ఆ గుర్తుతో రచయిత ఏం చెప్పాడో తెలిసినవాడు ప్రూఫు దిద్దే మనిషే.

గ్నోమ్ వైపు కూడా ఇలాంటి మార్పిడి జరిగింది. 1998లో పుట్టిన గ్లేడ్ గీసిన డైలాగులను లిబ్‌గ్లేడ్ అనే లైబ్రరీ ప్రోగ్రామ్ నడుస్తుండగానే చదివి తెరమీద కట్టేది. 2007 సెప్టెంబరులో, గ్నోమ్‌కు ఆధారమైన జీటీకే లైబ్రరీ 2.12 వచ్చినప్పుడు ఆ పనిని జీటీకే బిల్డర్ పేరుతో అసలు లైబ్రరీలోకి తెచ్చారు. ఎక్స్ఎంఎల్‌లో ‘విడ్జెట్’ అని ఉన్నచోట ‘ఆబ్జెక్ట్’ అని మారింది. మార్పిడికి పైథాన్‌లో రాసిన జీటీకే-బిల్డర్-కన్వర్ట్ అనే కమాండ్ ఇచ్చారు. 2020 డిసెంబరులో జీటీకే 4 వచ్చినప్పుడు మళ్లీ ఇలాంటిదే, ఈసారి బిల్డర్ పనిముట్టులోనే మూడు నుంచి నాలుగుకు మార్చే ఒక ఆప్షన్.

ఈ చరిత్రలో తెలుగువాళ్లు ఆగి చూడాల్సిన అధ్యాయం మాత్రం లిబ్రేఆఫీస్‌ది. దాని మూలం జర్మనీలో స్టార్ డివిజన్ అనే కంపెనీ తయారుచేసిన స్టార్‌ఆఫీస్. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొంది. 2000 అక్టోబరులో సోర్సు బయటపెట్టి ఓపెన్‌ఆఫీస్ అంది. 2010 సెప్టెంబరులో అందులోంచి లిబ్రేఆఫీస్ చీలింది. యజమానులు మారినా డైలాగులు మాత్రం పాత ఎస్ఆర్‌సీ ఫైళ్లలోనే ఉండిపోయాయి. విండోస్ ఆర్‌సీకి చుట్టం లాంటి పద్ధతి అది. ప్రతి లేబులుకూ ఇక్కడే ఉండాలని ఒక చోటు, ఇంతే ఉండాలని ఒక కొలత. కొలత ఫాంటును బట్టే ఉన్నా, ఇంగ్లీషు వరుసకు సరిపోయేలా ఎత్తు ఎనిమిది యూనిట్లు అని రాసిపెట్టిన లేబుళ్లు వాటిలో కోకొల్లలు.

ఇప్పుడు ఆ ఎనిమిది యూనిట్ల గదిలో ‘దస్త్రం’ అన్న మాటను ఊహించాలి. ఇంగ్లీషు ‘ఫైల్’కు తెలుగు అనువాదకులు చాలాచోట్ల వాడిన మాట అది. స కింద త వత్తు, దానికి క్రావడి. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద కూర్చుంటే, మన అక్షరం ఆ గీత కింద ఇంకో అంతస్తు కట్టుకుంటుంది. పైన గుడి, కింద వత్తు ఉన్న మాటకు ఇంగ్లీషు మాట కంటే ఎక్కువ ఎత్తు కావాలి. పెట్టె కొలత ఒక ఫాంటును బట్టి లెక్కకట్టి, తెలుగు అక్షరాలు ఇంకో ఫాంటులోంచి వస్తే వత్తుల కింది భాగం తెగిపోయే ప్రమాదం ఉంది. అడ్డంగా కూడా ఇదే ఇబ్బంది. ఇంగ్లీషులో ఆరక్షరాల ‘క్యాన్సిల్’ జర్మన్‌లో తొమ్మిదక్షరాల మాట అవుతుంది, తెలుగులో ‘రద్దుచేయి’ అవుతుంది. అనువాదకుడు మంచి మాట ఎంచుకున్నాడా అన్న ప్రశ్న వెనక్కి పోయి, పట్టే మాట ఎంచుకున్నాడా అన్నది ముందుకొస్తుంది. జీతం లేకుండా రాత్రులు కూర్చుని వేల వరుసలు తెలుగు చేసిన స్వచ్ఛంద కార్యకర్తలకు ఇది న్యాయం కాదు. భాషకూ కాదు.

2012లో రెడ్‌హ్యాట్‌లో పనిచేసే క్వీలన్ మెక్‌నమారా ఈ డైలాగులను గ్లేడ్ వాడే యూఐ ఫైళ్ల రూపంలోకి మార్చే పని మొదలుపెట్టాడు. 2013 ఫిబ్రవరి నాటి లిబ్రేఆఫీస్ 4.0లో తొలి ఫలితాలు కనిపించాయి. కొత్త పద్ధతిలో బటన్‌కు చోటు చెప్పరు, బంధుత్వం చెప్తారు. ఇది ఆ పెట్టెలో మూడోది, దాని పక్కన ఇది, మిగిలిన ఖాళీ దీనిది అని. డైలాగ్ తెరుచుకునేటప్పుడు ప్రతి వస్తువునూ నీకెంత చోటు కావాలని అడుగుతారు. ‘దస్త్రం’ తన వత్తులతో సహా ఎంత ఎత్తు కావాలో చెప్తుంది. పెట్టె అంత పెరుగుతుంది. పెళ్లి పందిట్లో వచ్చినవాళ్లను బట్టి బంతి వేసినట్టే.

ఈ మార్పిడి ఏ కమాండూ పూర్తిగా చేయలేని పని. పాత ఫైలులో అంకెలు మాత్రమే ఉన్నాయి. ఎడమ నుంచి ఆరు, పై నుంచి మూడు. ఆ రెండు లేబుళ్లూ ఒకే నిలువు వరుసలో ఎందుకున్నాయి, కావాలని కలిపారా, అనుకోకుండా కలిశాయా అన్నది అంకెలు చెప్పవు. ఆ ఉద్దేశాన్ని మనిషి చూసి అర్థం చేసుకుని, గ్లేడ్‌లో గళ్లుగా, పెట్టెలుగా మళ్లీ అల్లాలి. ఆ ప్రాజెక్టులో చేరిన ఎందరో కొత్తవాళ్లు ఒక్కో డైలాగు తీసుకుని ఇలా మార్చారు. వందలాది డైలాగులు దాటడానికి ఏళ్లు పట్టింది. 2018 జనవరిలో లిబ్రేఆఫీస్ 6.0 వచ్చేసరికి పాత ఎస్ఆర్‌సీ పద్ధతి సోర్సులోంచి వెళ్లిపోయింది. మిగిలిన అనువాద మాటలు కూడా గెట్‌టెక్స్ట్ పద్ధతికి మారాయి. ఇవాళ ఒక తెలుగు అనువాదకురాలు మాట పొడవు చూసి భయపడకుండా సరైన మాట రాయగలుగుతోందంటే, అందులో ఆ ఐదారేళ్ల ఓపిక ఉంది.

యూఐసీ3 సంగతికొస్తే, దాని ఆయువు క్యూటీ 4తోనే తీరింది. 2012 డిసెంబరులో క్యూటీ 5 విడుదలైనప్పుడు క్యూటీ3సపోర్ట్ పక్క గదిని మూసేశారు. పాత సామాను కోసం వేసిన మంచాలూ పోయాయి, వాటిని మోసుకొచ్చిన యూఐసీ3 కూడా పోయింది. ఇవాళ ఎవరికైనా పాత డిస్కులో క్యూటీ 3 నాటి డైలాగ్ దొరికితే, ముందు క్యూటీ 4ను వెతికి తెచ్చుకుని, దానిలోని యూఐసీ3తో మార్చి, క్యూ3 అని ఉన్న ప్రతి పేరునూ చేత్తో సరిచేసి, అప్పుడు కొత్త క్యూటీకి ఇవ్వాలి. మధ్యలో ఉన్న ఆ మెట్టు లేకుండా పైకి ఎక్కే దారి లేదు. కేడీఈ 3 అంటే ఇష్టం వదులుకోలేనివాళ్లు నడిపిస్తున్న ట్రినిటీ డెస్క్‌టాప్ అసలు ఈ మెట్టే ఎక్కలేదు. క్యూటీ 3నే సొంతంగా కాపాడుకుంటూ, పెద్ద అక్షరాల ట్యాగుతో మొదలయ్యే ఫైళ్లనే ఇంకా వాడుతోంది. ఇటువైపు, 2020లో వచ్చిన క్యూటీ 6 డిజైనర్‌లో ఒక డైలాగు గీసి, భద్రపరచి, ఆ ఫైలును ఎడిటర్‌లో తెరిస్తే, మొదటి వరుసల్లో వెర్షన్ సంఖ్య 4.0 అనే కనిపిస్తుంది.